సభ ముగిసిన పిదప ఊరికి మిగులునదేమి?

ఊరిలో నొక పెద్ద సభ జరిగిన మరునాటి ఉదయమున ఆ మైదానమునకు పోయి చూచినవారికి సభ స్వరూపము చక్కగా తెలియును. ముందునాడు వేదికపై పలికిన పలుకులు గాలిలో కలిసిపోయి యుండును. క్రింద మాత్రము నీళ్ళ సీసాలు, ఎంగిలి పళ్ళెములు, చిరిగిన తోరణములు మిగిలి యుండును. పందిరివాడు తన గుంజలను, మైకువాడు తన పెట్టెలను, వక్తలు తమ శాలువలను తీసికొని వెళ్ళిపోయిరి. ఊరివారికి ఊడ్చుకొను పని దక్కినది.

నేడు ‘పర్యావరణమునకు హితమైన సభ’ అను మాట తరచుగా వినవచ్చుచున్నది. ఈ మాటలో రెండు భాగములున్నవి. కీడు చేయకుండుట మొదటిది. మేలు చేసి పోవుట రెండవది. మొదటిదానిని గురించి చెప్పువారు చాలమంది కలరు: ప్లాస్టిక్కు వాడకుడు, దీపములు వృథాగా వెలిగింపకుడు, అన్నము పారవేయకుడు అని. రెండవదానిని గురించి చెప్పువారు తక్కువ. విడిదియింటి గోడలు మాపకుండ వెళ్ళిన చుట్టము మంచివాడే. కాని ఆ యింటి పిల్లవాని చేతిలో నొక పండు పెట్టి వెళ్ళిన చుట్టమును ఆ యిల్లు జ్ఞాపకముంచుకొనును. ఈ వ్యాసము ఆ పండును గురించినది.

నా తప్పుతోనే ప్రారంభింతును. 2007వ సంవత్సరమున మా ప్రాంతములో నొక చెరువు ప్రక్క గ్రామమున ఉపాధ్యాయుల సభ రెండు దినములు జరిగినది. భోజనముల ఏర్పాటు చూచువారిలో నేనొకడను. పట్టణమునుండి నీళ్ళ పాకెట్లు, ప్లాస్టిక్కు గ్లాసులు, పూత పూసిన కాగితపు పళ్ళెములు లారీలో తెప్పించితిమి. సభకు మూడు దినములు ముందుగా ఆ ఊరి వృద్ధ కుమ్మరి మా యొద్దకు వచ్చి, “సారూ, మస్తుమంది వస్తున్నరట. కుండలు పెడితే నీళ్ళు సల్లగుంటయి. నాకు కూడ ఇంత పని దొరుకుతది” అనెను. “ఇన్ని కుండలు ఎవరు కడుగుతరు తాతా? ఇప్పుడన్నీ పాకెట్లే” అని మేము నవ్వి పంపివేసితిమి. ఆనాటి సభలో నొక ప్రసంగ విషయము పర్యావరణ విద్య! పదునైదు దినములు గడచిన పిమ్మట ఆ ఊరిలో నొక పేద రైతు గేదె కడుపుబ్బి చనిపోయినది. పశువైద్యుడు కోసి చూడగా కడుపునిండ పాలిథిను కాగితములే. అవి మా సభవో, వారపు సంతవో తేల్చి చెప్పగలవారు లేరు. ఆ రైతు కూడ మమ్మేమియు అనలేదు. కాని ఆ వార్త విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చిన్న సభ సంగతి యిది. ఇక ప్రపంచపు పెద్ద సభల సంగతి చూతము. వానియందును ఇదే ప్రశ్న కలదు. కొలత మాత్రము పెద్దది.

పర్యావరణమును గురించి ప్రభుత్వములు కూడిన తొలి మహాసభ 1972లో స్టాక్‌హోమున జరిగినది. తరువాత 1992లో బ్రెజిలు దేశపు రియో నగరమున జరిగిన సభ జగత్ప్రసిద్ధము. అంతటినుండి యేటేట సభలు పెరిగినవి; వానికొరకు విమానములలో తిరుగువారును పెరిగిరి. భూమిని కాపాడుటకై కూడినవారే భూమికి బరువగుచున్నారను విమర్శ పుట్టినది. 2012లో సభలను, ఉత్సవములను పర్యావరణహితముగ నడుపుటకు ఐ.ఎస్.ఓ. 20121 అను అంతర్జాతీయ ప్రమాణము వెలువడినది. లండను ఒలింపిక్సు క్రీడలు జరిగిన సంవత్సరమే యది. సభ ముగిసిన పిదప ఆ స్థలమున మిగులు ఫలమును కూడ ముందుగనే యోచింపవలయునని ఆ ప్రమాణము చెప్పుట గమనింపదగినది. అనగా రెండవ భాగము కాగితముమీదికి వచ్చినదన్నమాట. కాగితమునుండి నేలమీదికి వచ్చినదా యనునదే ప్రశ్న.

2009 డిసెంబరులో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెనున వాతావరణ మహాసభ జరిగినది. అచ్చట సీసా నీరు మాని కుళాయి నీరే యిచ్చిరి. ప్రతినిధులకు అలవాటుగ నిచ్చు బహుమానపు సంచులను మానివేసిరి. ఆ ధనముతో వివిధ దేశముల విద్యార్థులకు డెన్మార్కులో ఉన్నత విద్య చదువుటకు విద్యార్థివేతనములిచ్చిరి. ఇది నాకు మిక్కిలి నచ్చినది. మన సభలలో శాలువలకు, జ్ఞాపికలకు ఎంత వ్యయమగుచున్నదో లెక్క వేసినవారికి ఇందలి వివేకము తెలియును. నా యింటి బీరువాలో పదునేడు శాలువలున్నవి. వానిలో నొక్కటియు నేను కప్పుకొనలేదు.

ఆ కోపెన్‌హాగెను సభవలన 40,000 టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు వెలువడునని అంచనా వేసిరి. అందధిక భాగము ప్రతినిధుల విమానములదే. ఆ లోటును పూడ్చుటకై డెన్మార్కు ప్రభుత్వము బంగ్లాదేశములోని ఢాకా చుట్టునున్న పాతకాలపు ఇటుక బట్టీలను మార్చు పథకమునకు ధనమిచ్చినది. ఆ బట్టీలు బొగ్గును విచ్చలవిడిగ కాల్చి నగరముపై పొగ క్రమ్మించునవి. పొగ తగ్గినచో అచ్చటి పిల్లల ఊపిరితిత్తులకు మేలే. అయినను ఇందొక చిక్కు కలదు. సభ ఒకచోట జరుగును, మేలు మరియొక చోటికి పోవును. కోపెన్‌హాగెను సంపన్న నగరము గావున అక్కడివారు దీనిని లోటుగ తలచి యుండరు. మన దేశపు ఊళ్ళకు ఈ పద్ధతి సరిపడదు. మా చెరువులో చెత్త వేసి, మరియొక జిల్లాలో మొక్కలు నాటించితిమని చెప్పినచో ఆ గేదె యజమాని యొప్పుకొనునా?

ఇటీవలి ఉదాహరణము మరింత విచిత్రమైనది. 2025 నవంబరులో వాతావరణ మహాసభ బ్రెజిలులోని బెలెం నగరమున జరిగినది. అది అమెజాను మహారణ్యపు ముఖద్వారము. అడవిని గురించి మాటలాడువారు అడవి దగ్గరకే వచ్చి మాటలాడవలయునని ఆ దేశాధ్యక్షుని సంకల్పము. సంకల్పము మంచిదే. కాని సభ ప్రకటితమైన పిదప ఆ ఊరిలో విడిది అద్దెలు ఆకాశమునంటినవి. పేద దేశముల ప్రతినిధులు తాము రాలేమని మొరపెట్టుకొనిరి. తుదకు పెద్ద విహారనౌకలను తెచ్చి రేవులో నిలిపి అందులో విడిది కల్పింపవలసి వచ్చెను. నగరపు అంచున అడవి గుండ వేసిన నాలుగు వరుసల రహదారిని గురించి ప్రపంచమంతటను చర్చ జరిగినది. ఆ దారి సభకొరకు వేసినది కాదని అధికారులు చెప్పిరి.

ఆ సభయందే ఒక ఉత్తమ నియమము కూడ కలదు. సభాస్థలమున వండు ఆహారపు సరుకులలో కనీసము నూటికి 30 వంతులు చిన్న రైతు కుటుంబముల సేద్యమునుండియే కొనవలయునని నిర్ణయించిరి. ఈ ఊహ ఆకాశమునుండి ఊడిపడలేదు. బ్రెజిలు దేశమున పాఠశాలల భోజనమునకు నూటికి 30 వంతులు కుటుంబసేద్యమునుండి కొనవలయునని 2009లోనే శాసనము చేసిరి. బడిపిల్లలకు ఏర్పడిన కొనుగోలుదారి ఉండుటచేతనే దేశదేశాల ప్రతినిధులకు కూడ ఆ దారిని భోజనము పెట్టుట సాధ్యమైనది. సభకొరకు నెల దినములలో రైతులను పుట్టింపజాలము. ముందే దారి ఏర్పడి యుండవలయును.

ఇచట నొక హాస్యకరమైన విషయము. ఆ ప్రాంతపు ప్రజలు ప్రతిదినము తిను అసాయీ పండు గుజ్జును భోజన కాంట్రాక్టు పత్రములో మొదట నిషేధించిరి. అపరిశుభ్రమగు అవకాశము కలదని కారణము చెప్పిరి. ఊరివారు ఊరకుందురా? మా నేలకు వచ్చి, మా అడవిని కీర్తించి, మా తిండిని అంటరానిదానిగ చూతురా యని పెద్ద గగ్గోలు చేసిరి. ఆ నిషేధమును వెనుకకు తీసికొనిరి. మన ఊళ్ళలో జొన్నరొట్టెను ప్రక్కకు నెట్టి, బస్తీనుండి వంటవారిని రప్పించి ఏదో ఎఱ్ఱని అన్నము వండించునప్పుడు మనమును ఆ కాంట్రాక్టు పత్రమునే వ్రాయుచున్నాము.

మన నేలకు వత్తము. 2012 అక్టోబరు 8వ తేదీ మొదలు 19వ తేదీ వరకు జీవవైవిధ్యమును గురించిన పదునొకండవ మహాసభ హైదరాబాదున జరిగినది. అప్పటికి రాష్ట్రము విడిపోలేదు. ప్రకృతిని రక్షించినచో నది మనలను రక్షించునను అర్థము గల సంస్కృత వాక్యమును మన దేశము సభా నినాదముగ నెన్నుకొన్నది. అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగు గారు జీవవైవిధ్య రక్షణకై 5 కోట్ల డాలర్లు ప్రకటించిరి. ధనిక దేశములు ఈ పనికై పేద దేశములకిచ్చు ధనమును 2015 నాటికి రెట్టింపు చేయవలయునని కూడ తీర్మానించిరి. ఇవి పెద్ద విషయములు. నగరమున మాత్రము ఆ సభ జ్ఞాపకముగ గచ్చిబౌలి యొద్ద నొక వనము, ఒక కూడలి పేరు మిగిలినవి. బయోడైవర్సిటీ కూడలి యన్నచో నేటి పిల్లలకు తోచునది జీవవైవిధ్యము కాదు, పైవంతెన!

అయినను ఆ మహాసభ వెనుకనున్న సూత్రము చాల విలువైనది. ఒక ప్రాంతపు చెట్టుచేమలవలన ఎవడైన లాభము పొందినచో ఆ లాభములో భాగము ఆ ప్రాంతపువారికి చెందవలయును. మన దేశమున 2002 నాటి జీవవైవిధ్య చట్టమునందు ఈ న్యాయము కలదు. ప్రతి స్థానిక సంస్థయందును ఒక జీవవైవిధ్య సంఘముండవలయును. ఊరి చెట్లను, విత్తనములను, మందుమొక్కలను ఒక పుస్తకములో వ్రాసి యుంచవలయును. ఇది వట్టిమాట కాదనుటకు పాలమూరు సీమలోని అమరచింత గ్రామము సాక్షి. ఆ గ్రామము నేడు వనపర్తి జిల్లాలో నున్నది. అచ్చటినుండి రెండు టన్నుల వేపాకు జపానుకు ఎగుమతి యైనప్పుడు జాతీయ సంస్థ దానిపై రుసుము వసూలు చేసి, అందులో కొంత భాగమును ఆ గ్రామ సంఘమునకు పంపినది. ఆ సొమ్ముతో వేపమొక్కలు నాటుట మొదలగు పనులు చేపట్టిరి. సొమ్ము చిన్నది. ఆకు తీసికొనిపోయినవాడు ఊరికి ఋణపడి యున్నాడని తేల్చుట పెద్దది. ఆకు తీసికొన్నవాడు ఋణపడినప్పుడు, నీరు త్రాగి, నీడను కూర్చుండి, చెత్త విడిచిపోయిన సభవారు మాత్రము ఋణపడరా?

ఇప్పుడు నేను చెప్పదలచిన ముఖ్యమైన సభకు వచ్చితిని. అది జహీరాబాదు ప్రాంతమున జరుగు పాత పంటల జాతర. పస్తాపూరు కేంద్రముగ పనిచేయు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన స్త్రీల సంఘములు దీనిని ఇరువది యేండ్లకు పైగా నడిపించుచున్నవి. ఆ స్త్రీలలో అధికసంఖ్యాకులు దళిత కుటుంబములవారు, ఎకరము రెండెకరముల ఎఱ్ఱనేల గలవారు. సంక్రాంతి సమయమున ఎడ్లబండ్లను అలంకరించి, వానిలో కుండలతో, బుట్టలతో పాత విత్తనములు పెట్టి, డప్పులతో బయలుదేరుదురు. జొన్న, సజ్జ, కొఱ్ఱ, సామ, తైద, కంది, అనుము, అవిసె, కుసుమ, నువ్వులు మొదలైన పలు రకములు బండ్లపై ఊరేగును. ఊరినుండి ఊరికి దాదాపు నెల దినములు ఈ బండ్లు తిరుగును.

మన సభలకును దీనికిని గల భేదమును గమనింపుడు. మన సభలో ఐదువందలమంది ఒక ఊరిమీద పడుదురు. ఈ సభలో నాలుగు బండ్లు ఊరూరికిని పోవును. బండి వచ్చిన ఊరిలో చెట్టుక్రింద జనము కూర్చుందురు. ఏ విత్తనము ఏ నేలలో నిలిచినది, వాన రాని యేడు ఏ పంట పొట్ట నింపినది అనునవి చర్చకు వచ్చును. మాటలాడువారు అనుభవము గల రైతులు, స్త్రీలు. నాగలి దున్నని చోట తనంతట మొలుచు తుమ్మికూర, జొన్నచెంచలి, దొగ్గలికూర వంటివాని పేర్లు అక్కడ గౌరవముతో వినబడును. పంతులుగారినగు నేను ఆ జాతరలో వినువాడనే గాని చెప్పువాడను కాను. దున్నకయే లభించు కూరల జాబితాను ఒక అవ్వ వ్రేళ్ళమీద లెక్కించుచుండగా, నా వ్రాతపుస్తకములో పేజీ నిండిపోయినది. ఆమె రెండవ చేతికి ఇంకను రాలేదు.

బండి వెళ్ళిపోయిన పిదప ఊరికేమి మిగులును? విత్తనము మిగులును. ఈ సంఘముల గ్రామములలో విత్తనపు నిధులు కలవు. వేపాకు, బూడిద కలిపి బుట్టలలో దాచిన విత్తనమును కావలసినవారు తీసికొని, పంట వచ్చిన పిదప తీసికొన్నదానికంటె ఎక్కువ కొలిచి తిరిగి ఇత్తురు. నిధి తరుగదు. ఈ సంఘముల ఆధ్వర్యముననే మాచ్‌నూరు గ్రామమున 2008 అక్టోబరు 15వ తేదీన సంఘం రేడియో ప్రారంభమైనది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈ సంఘములకు ఈక్వేటరు పురస్కారమిచ్చినది. ఇన్ని చెప్పుటలో నా యుద్దేశము ప్రతి సభయు ఎడ్లబండ్లపై జరుగవలయునని కాదు. సభ అను మాటకు ఒకే రూపము లేదని గుర్తించుటకు మాత్రమే.

కన్నడ దేశమున కొప్పళ గవిసిద్ధేశ్వర మఠపు జాతర మన పాఠకులలో చాలమంది చూచియే యుందురు. అచ్చటి దాసోహమునకు జొన్నరొట్టెలు ఒక వంటశాలలో కాలవు. చుట్టుప్రక్కల గ్రామములలో ఇంటింటను కాల్చి, లక్షల సంఖ్యలో బండ్లమీద, ట్రాక్టర్లమీద పంపుదురు. జొన్న పండించిన నేల అదియే, కాల్చిన చేయి అదియే, తినువాడును ఆ ప్రాంతపువాడే. కాంట్రాక్టరునకు అందు తావు లేదు. 2019లో ఆ మఠాధిపతులు పూడిపోయిన హిరేహళ్ళ అను వాగును శుభ్రపరచుటకు పూనుకొనగా భక్తులు, ఊరివారు చేయి కలిపిరి. ఇరువది కిలోమీటర్లకు పైగా వాగు పూడిక తీయబడినది. ఆ వాగు తుంగభద్రలో కలియును. తుంగభద్ర నీరు మన రాయలసీమకును వచ్చును. జాతరలో గుమికూడిన జనశక్తిని జాతర దినములకు వెలుపల కూడ వాడుకొనుట యిందలి విశేషము.

ఇక మన సభల లెక్క చూతము. ఐదువందలమంది, రెండు దినములు, దినమునకు మూడు మార్లు ఆహారము: 3,000 పళ్ళెములు. మనిషికి దినమునకు నాలుగు చిన్న సీసాల చొప్పున 4,000 సీసాలు. ఈ రెండింటి మూల్యమును పట్టణపు దుకాణమునకు కట్టుచున్నాము. ఊరిలో అవి చెత్తగ మాత్రమే మిగులుచున్నవి. 2022 జూలై 1వ తేదీనుండి ప్లాస్టిక్కు పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు, థర్మాకోలు అలంకరణలు దేశమంతటను నిషేధింపబడినవి; కావున ఇది ధర్మసంకటము మాత్రమే కాదు, చట్టపు మాట కూడ.

ప్రత్యామ్నాయము లేదనువారికి సిద్దిపేట ప్రాంతపు గ్రామములలోని స్టీలు బ్యాంకులను చూపవలయును. మహిళా సంఘములు స్టీలు పళ్ళెములు, గ్లాసులు కొని యుంచి, పెండ్లిండ్లకు, సభలకు అద్దెకిచ్చును. అద్దె సొమ్ము సంఘములో నిలుచును. కేరళమున 2015 జాతీయ క్రీడలను ‘హరిత నియమావళి’తో నడిపి, తరువాత పెండ్లిండ్లకును ఉత్సవములకును ఆ నియమములనే విస్తరింపజేసిరి. ఆకు విస్తళ్ళు వాడువారు ఒక్క విషయము గమనింపవలయును. నేడు బజారులో దొరకు విస్తళ్ళు కొన్నింటికి ఆకు వెనుక ప్లాస్టిక్కు పొర అంటించి యున్నది. ఊరిలో మోదుగాకు కుట్టు స్త్రీలున్నచో నెల దినములు ముందుగా చెప్పి, బయానా ఇచ్చి కుట్టించుకొనుట మేలు. ముందునాడు పోయి మూడువేల విస్తళ్ళిమ్మన్నచో వారెక్కడినుండి తెత్తురు?

నీటి విషయములో తొందర తగదు. కోపెన్‌హాగెనువలె కుళాయి నీరు పట్టి యిచ్చుటకు మన కుళాయిలన్నియు తగినవి కావు. ఊరి శుద్ధజలపు యంత్రమునుండి నీరు పట్టించి, కుండలలో పోసి, కుండకొక మనిషిని కూలికి పెట్టినచో సరిపోవును. ఆ మనిషి ఆ ఊరివాడే కావలయును.

వ్యయము పెరుగునని కొందరందురు. కొన్ని అంశములలో పెరుగును; దాచుట యెందుకు? స్టీలు పళ్ళెము కడుగుటకు కూలి యియ్యవలయును, నీరు కావలయును. ఎండకాలమున నీటి యెద్దడి గల ఊరిలో విస్తరియే మేలు కావచ్చును. ఇట్టివి పట్టణమున కూర్చుండి నిర్ణయింపరాదు. అన్నిటికంటె ముందుగ ఊరివారినే పిలిచి, మేము వచ్చుటవలన మీకేది కష్టము, ఏది లాభమని అడుగవలయును. నేను పాల్గొన్న సభలలో ఎన్నడును ఈ ప్రశ్న అడుగలేదు. ఊరి పెద్దలను వేదికపై కూర్చుండబెట్టి పూలదండ వేయుటతో మా కర్తవ్యము తీరెనని తలచితిమి. దండ పూలు కూడ పట్టణమునుండియే వచ్చెడివి.

క్రిందటి వేసవిలో మేము కొందరము పూనుకొని అదే గ్రామమున ఒక చిన్న విద్యాసభ జరిపితిమి. నూట యేబదిమంది వచ్చిరి. రొట్టెలు, పప్పు, అనుముల కూర ఊరి స్త్రీసంఘమువారు వండిరి. శాలువల సొమ్ముతో బడికి రెండు బీరువాలు, కొన్ని పుస్తకములు కొనియిచ్చితిమి. నీళ్ళకు ముప్పది కుండలు కావలసి వచ్చి కుమ్మరియింటికి పోతిని. ఆ వృద్ధుడు పోయి ఆరేండ్లయినదట. ఆయన కుమారుడు హైదరాబాదులో నొక భవనమునకు కాపలాదారుగ నున్నాడు. ఇంటి వెనుక సారె మట్టిలో సగము దిగిపోయి యున్నది. కోడలు లోపలినుండి వచ్చి, “కుండలా సారూ? మాకాడ లెవ్వు. సంత దినాన పక్కూరికి పోండ్రి, ఆడ దొరుకుతయి” అని చెప్పినది. పొరుగూరినుండి బండిమీద గడ్డి పరచి తెచ్చితిమి. దారిలో రెండు పగిలినవి.